పాల్ ఎర్లిక్: విషమునకు కొలత కట్టిన వైద్యుడు

రోగి వైద్యుని నమ్మును. వైద్యుడు మందును నమ్మును. ఆ మందును మొట్టమొదట నమ్మదగినదని తేల్చినవాడెవడు? ఏ మనిషియు మ్రింగకమునుపే, ఏ మనిషి నరములోనికిని ఎక్కకమునుపే, అది ఎంతవరకు మేలు చేయునో, ఎంత దాటిన ప్రాణము తీయునో ముందుగా చెప్పుట యెట్లు? తరతరములుగా ఈ ప్రశ్నకు రోగి శరీరమే జవాబు చెప్పుచు వచ్చెను. కొందరు బ్రతికిరి, కొందరు బ్రతుకలేదు. బ్రతికినవారినిబట్టి మోతాదు ఏర్పడెను. సవాయి రోగమునకు ఐరోపాలో నాలుగు వందల యేండ్లు పాదరసమును పూసిరి, పొగ పట్టిరి, మ్రింగించిరి. పండ్లూడి, నోట చొంగ కారి, మూత్రపిండములు చెడి చనిపోయినవారిలో ఎందరిని రోగము చంపెనో, ఎందరిని మందు చంపెనో లెక్క కట్టినవారు లేరు. ఆ లెక్కను మనిషికంటె ముందు ఎలుకయందును కుందేటియందును కట్టి చూడవలెనని పట్టుపట్టి, దానికొక కొలతను ఏర్పరచిన జర్మనీ దేశపు వైద్యుడు పాల్ ఎర్లిక్. ఆ కొలత ఆయనకు లోకమంతట కీర్తి తెచ్చెను. ఆ కొలతకు అందనిది కొంత మిగిలిపోయి, ఆయన చివరి యేండ్లను చేదు చేసెను.

ఎర్లిక్ 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీన, ఆనాటి ప్రష్యా రాజ్యములోని సైలీషియా ప్రాంతమున, స్ట్రేలెన్ అను చిన్న పట్టణములో జన్మించెను. ఆ పట్టణము నేడు పోలెండు దేశములో నున్నది. తండ్రి ఇస్మార్ సారాబట్టీ యజమాని. ప్రభుత్వ లాటరీ వ్యవహారమును కూడ చూచుచుండెను. తల్లి పేరు రోజా. వారిది యూదుల కుటుంబము. ఇంట ధనమునకు లోటు లేదు గాని, యూదునికి విశ్వవిద్యాలయమున పెద్ద పదవి దొరకుట ఆ దేశమున ఎంత కష్టమో ఆయన తరువాత అనుభవముమీద తెలిసికొనెను.

తల్లివైపు చుట్టమైన కార్ల్ వైగెర్ట్ అను వైద్యుడు, సూక్ష్మజీవులకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచుట నేర్చిన తొలివారిలో ఒకడు. ఆ రంగుల పిచ్చి ఈ పిల్లవానికి అంటుకొనెను. ఆ కాలమున జర్మనీలో తారునుండి అద్దకపు రంగులు తీయు కర్మాగారములు దినదినము పెరుగుచుండెను. (మన దేశపు నీలిమందు సేద్యమును తరువాత కూల్చినవి ఆ కర్మాగారములే, అది వేరొక కథ.) స్ట్రాస్‌బర్గులో చదువుకొనునపుడు తోటి విద్యార్థుల బల్లలు తెల్లగా నుండగా, ఎర్లిక్ బల్లమీద మాత్రము సకల వర్ణముల మరకలును ఉండెడివి. పరీక్షలన్నచో ఆయనకు పడదు. బ్రెస్లావు ప్రయోగశాలను చూడవచ్చిన రాబర్ట్ కాక్ పండితునికి ఈ కుఱ్ఱవానిని చూపి, రంగులు వేయుటలో గట్టివాడే గాని పరీక్షలు మాత్రము ఎన్నటికిని గట్టెక్కడని ఎవరో చెప్పినట్లు ఒక కథ కలదు. ఆ జోస్యము ఫలింపలేదు. 1878లో ఆయన లైప్జిగు విశ్వవిద్యాలయమున వైద్య పట్టము పొందెను. పట్టమునకై వ్రాసిన వ్యాసము కూడ రంగులను గూర్చినదే.

ఆ రంగులలో ఆయనకు కనబడినదేమి? ఒక రంగు ఒక జాతి జీవకణమును పట్టుకొనును. దాని ప్రక్కనున్న కణమును ముట్టకుండ వదలును. మిథిలీన్ బ్లూ అను నీలపు రంగును బ్రతికియున్న జంతువునకు ఎక్కించినచో అది నరముల చివరలను వెదకి పట్టుకొనును. రంగు ఇట్లు ఏరి పట్టగలిగినచో, విషము మాత్రమేల ఏరి పట్టరాదు? రోగక్రిమిని పట్టి రోగిని వదలివేయు విషమును ప్రయోగశాలలో తయారు చేయవచ్చును గదా యని ఆయనకు తోచెను. గురి తప్పని మందును మనవారు రామబాణమందురు. ఎర్లిక్ తన ఊహకు మంత్రపు తూటా యని పేరు పెట్టెను. అయితే ఏ రంగును నూటికి నూరు పాళ్లు ఏరి పట్టదు. ప్రక్క కణమునకు కొంత అంటనే అంటును. ఆ అంటెడి పాలెంత యని విడువక అడుగుటలోనే ఈయన గొప్పతనమున్నది. మంత్రపు తూటాను కలగన్నవారు వేరొకరు కూడ ఉండవచ్చును. ఆ తూటా రోగిని ఎంత గీరునో కొలిచి చూపవలెనన్న పట్టుదల అరుదు.

బెర్లిను నగరపు పెద్ద ఆసుపత్రియైన షారిటేలో ఆయన కొలువు కుదిరెను. 1882లో కాక్ పండితుడు క్షయక్రిమిని కనుగొన్న వార్త చదివి వినిపించిన సభలో ఎర్లిక్ కూర్చుండి యుండెను. ఆ క్రిమికి రంగు పట్టించు మేలైన పద్ధతిని కొద్ది కాలములోనే కనిపెట్టెను. 1883లో హెడ్విగ్ పింకస్ అను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమార్తెలు కలిగిరి. అయిదేండ్లు గడచులోపల ఏ క్రిమికి రంగు వేయుట లోకమునకు నేర్పెనో ఆ క్రిమియే తన కఫములో కనబడెను. భార్యతో ఈజిప్టు దేశమునకు పోయి, ఆ పొడి గాలిలో ఆరోగ్యము కుదుర్చుకొని తిరిగి వచ్చెను. 1891లో మిథిలీన్ బ్లూ రంగును ఇద్దరు మలేరియా రోగులకిచ్చి చూచెను. ఇద్దరును కోలుకొనిరి. రంగే మందైన తొలి సందర్భమది.

ఆయనకు కొలతలో నైపుణ్యము అబ్బినది కంఠసర్పి యనబడు డిఫ్తీరియా వ్యాధివలన. పసిపిల్లల గొంతు మూసి చంపెడి ఆ రోగమునకు, జంతువుల నెత్తురునుండి విరుగుడు సీరమును తీయు మార్గమును బేరింగ్ అను పండితుడు 1890లో కనుగొనెను. మందు దొరకెను గాని దాని బలము తెలియదు. ఒక గుఱ్ఱపు సీరము పిల్లవానిని బ్రతికించును. మరియొక గుఱ్ఱపు సీరము నీళ్లవలె నిష్ఫలమగును. విషమును ప్రమాణముగా పెట్టుకొని విరుగుడును కొలుచుటకు ప్రయత్నించిరి. ఆ విషము సీసాలో నిలువయుండగా దానంతట అది బలము కోల్పోవుచుండెను. అంగడివాని మానిక ఎండకు కరుగుచు నెలనెలకు చిన్నదగుచుండినచో ధాన్యపు లెక్క ఏమగునో, అక్కడను అదే జరిగెను.

ఎర్లిక్ ఆ లెక్కను తలక్రిందులు చేసెను. కరగెడి విషమును ప్రమాణముగా తీసికొనుట మాని, విరుగుడునే ఎండబెట్టి, గాలిలేని గాజు గొట్టములో, తేమను పీల్చు ద్రవ్యముతో కూడ మూసి, చల్లని చీకటి చోట భద్రపరచెను. అది మారని మానిక. ఆ ప్రమాణపు విరుగుడు ఒక యూనిట్ తీసికొని దానితో కొంత విషమును కలిపి 250 గ్రాముల బరువుగల గినీపందికి ఎక్కించవలెను. ఏ మోతాదులో విషము కలిపినపుడు ఆ జంతువు నాలుగవ దినమున చనిపోవునో ఆ మోతాదు గుర్తించవలెను. దానితో క్రొత్త సీరమును సరిచూడవలెను. 1897లో ఆయన ఈ పద్ధతిని ప్రచురించెను. అది దేశదేశములకు వ్యాపించెను. ఇక్కడ ఒక సంగతిని గమనింపవలెను. విషముయొక్క బలము కంటికి కనబడదు, త్రాసులో తూగదు. ప్రాణియొక్క ప్రాణమే దానికి త్రాసు. ఇట్లు ప్రాణము తీసి కొలుచుట చదువరులలో పలువురి మనస్సులను నొప్పించును, నొప్పింపవలసినదే. కాని ఆ కొలత లేని దినములలో ఆ త్రాసుపళ్లెములో కూర్చుండినవారు పసిపిల్లలు.

1896లో సీరముల పరీక్షకై ప్రభుత్వము బెర్లిను చెంత స్టేగ్లిట్సులో ఒక చిన్న సంస్థను ఏర్పరచి ఎర్లిక్‌ను అధిపతిని చేసెను. 1899లో ఆ సంస్థ ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు తరలెను. ఏడేండ్ల తరువాత, బ్యాంకరు గేయోర్గ్ స్పేయర్ వితంతువు ఫ్రాంజిస్కా ఇచ్చిన దానముతో దాని ప్రక్కనే మరియొక ప్రయోగశాల లేచెను. క్రొత్త మందుల అన్వేషణకే అది ప్రత్యేకింపబడెను.

ఆ ఇంటిలోని ఎర్లిక్ గది ఒక వింత. పుస్తకములును పత్రికలును బల్లలనిండ, సోఫానిండ, కుర్చీలనిండ, నేలమీదను గుట్టలుగా పడియుండెడివి. వచ్చినవారు కూర్చుండుటకు చోటు లేదు. గ్రంథాలయములో పుస్తకమును తీసినచోటనే పెట్టవలెనని నేర్చుకొన్న పాఠకులు దీనిని మెచ్చుకొనకపోవచ్చును గాని, ఏ గుట్టలో ఏ పత్రిక యున్నదో ఆయనకు తెలియును. దినమునకు ఇరువదియైదు దాక ఘాటైన చుట్టలు కాల్చును. చుట్టల పెట్టె చంకన లేనిదే వీధిలోనికి రాడు. భోజనము సంగతి తరచు మరచును. ప్రతి దినము ఉదయమున సహాయకులలో ఒక్కొక్కరికి రంగు కాగితపు ముక్కపై ఆనాడు చేయవలసిన ప్రయోగమును వ్రాసి పంపును. దానిని అక్షరము తప్పక చేయవలెను. స్వతంత్రించిన చెప్పలేనంత కోపము వచ్చును. అట్టివాని క్రింద పనిచేయుట సుఖమని ఎవరును అనజాలరు.

మొదట రంగులతోనే వెదకిరి. ఎలుకలను చంపెడి ట్రిపనోసోము అను రక్తక్రిమిపై వందలకొలది రంగులు పరీక్షించి, 1904లో ఎర్లిక్, ఆయన జపాను శిష్యుడు షిగా, ట్రిపాన్ రెడ్ అను ఎఱ్ఱని రంగు చిట్టెలుకలను మాన్పునని ప్రకటించిరి. చిట్టెలుకలలో ఫలించినది ఇతర జంతువులలో అట్లు ఫలింపలేదు. ఒక ప్రాణి చెప్పిన సాక్ష్యమును మరియొక ప్రాణికి అన్వయించుటలో ఎంత జాగ్రత్త కావలెనో అప్పుడే తెలిసెను.

ఇంతలో అటాక్సిల్ అను పాషాణ సంబంధమైన మందు పేరు వినవచ్చెను. అటాక్సిల్ అనగా విషము కానిదని అర్థము. సామాన్య పాషాణముకంటె దానిని శరీరము హెచ్చుగా ఓర్చుకొనుటచేత ఆ పేరు పెట్టిరి. 1905లో ఇంగ్లండు పరిశోధకులు అది ట్రిపనోసోములను చంపునని చూపగా, కాక్ పండితుడు 1906, 1907 సంవత్సరములలో ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు దీవులకు పోయి, అతినిద్రా వ్యాధితో చచ్చుచున్న జనులకు దానిని ఇచ్చెను. క్రిములు తగ్గెను, రోగులు లేచి తిరుగసాగిరి. తిరుగబెట్టిన రోగమును అణచుటకు మోతాదు పెంచినపుడు ఇరువదిమందికి పైగా మనుష్యులకు చూపు పోయెను. కంటి నరము చచ్చినది. ఆ చూపు మరల రాలేదు. విషము కానిదని పేరుపెట్టిన మందు చేసిన పని యిది. ఏ ఎలుకయు, ఏ కుందేలును ఈ ఆపదను ముందు చెప్పలేదు. చూపు మందగించినదని చెప్పుకొనుటకు ఎలుకకు నోరు లేదుగదా.

ఎర్లిక్ మనస్సు ఇక్కడ నిలిచిపోయెను. అటాక్సిల్ నిర్మాణమును గూర్చి అంతవరకు రసాయనజ్ఞులు అనుకొన్నది తప్పని ఆయనకు తోచెను. తన వద్ద పనిచేయువారిలో కొందరు అది వట్టి ఊహయని ఒప్పుకొనక కొలువు మానిరి. ఆల్ఫ్రెడ్ బెర్త్‌హైమ్ అను రసాయనజ్ఞుడు నిలిచి, 1907లో ఎర్లిక్ మాటయే నిజమని ఋజువు చేసెను. నిర్మాణము తెలిసినచో దానిలో ఒక కొమ్మను తీసి మరియొక కొమ్మను అంటుకట్టవచ్చును. అట్లు అంటుకట్టిన వాటిలో అర్సాసెటిన్ ఒకటి. చిట్టెలుకలు దానిని అటాక్సిల్‌కంటె ఎన్నియో రెట్లు హెచ్చుగా ఓర్చుకొనెను. మోతాదు లెక్కనుబట్టి చూచిన ఇది గొప్ప విజయము. కాని ప్రాణముతో మిగిలిన ఎలుకలలో కొన్ని విచిత్రముగా ప్రవర్తింపసాగెను. తమ చుట్టు తామే గిరగిర తిరుగుచు, ఆగక నాట్యమాడుచుండెను. చెవిలోనుండి శరీరమును తూకముగా నిలుపు నరము దెబ్బతిన్నచో ప్రాణి అట్లు తిరుగును. ఎలుక చావలేదు గనుక మందు మంచిదని పట్టికలో వ్రాసి ముందుకు పోవువారు పలువురుందురు. ఎర్లిక్ ఆ నాట్యమును మనుష్యుని నరములను గూర్చిన హెచ్చరికగా చదివెను. అర్సాసెటిన్ పుచ్చుకొన్న రోగులలో కొందరికి కంటి నరము చెడుటతో ఆ హెచ్చరిక నిజమయ్యెను. అప్పటినుండి చచ్చిన ఎలుకలను లెక్కించుటయే కాక, బ్రతికిన ఎలుక ఎట్లు నడచుచున్నదో చూచుట కూడ ఆ ఇంటి పరీక్షలో భాగమయ్యెను.

అక్కడ ప్రతి పదార్థమునకు రెండు అంకెలు కట్టిరి. రోగమును మాన్పుటకు చాలిన అతి తక్కువ మోతాదు ఒకటి. ప్రాణి చావక ఓర్చుకొనగల అతి హెచ్చు మోతాదు మరొకటి. ఈ రెంటికి నడుమ ఎంత ఎడమున్నదో అదియే మందుయొక్క యోగ్యత. కిలో బరువునకు పది పాళ్లు మాన్పునదై పన్నెండు పాళ్లు చంపునదైనచో అది మందు కాదు. పది పాళ్లు మాన్పి వంద పాళ్ల వరకు ఓర్చుకొననిచ్చునదైనచో దానిని మనిషి దగ్గరకు తీసికొనిపోవుటను గూర్చి ఆలోచింపవచ్చును. ఇంత చిన్న లెక్కకు అంత పెద్ద ప్రయోగశాల ఏల యని అనిపింపవచ్చును. ఒక్కొక్క పదార్థమునకు ఈ రెండంకెలు తేల్చుటకు పదులకొలది ప్రాణులు, వారములకొలది దినములు పట్టెను. పదార్థములో వందలకొలది.

ఆ వరుసలో 606 అను సంఖ్యగల పదార్థము 1907లోనే తయారయ్యెను. ఒక సహాయకుడు దానిని పరీక్షించి పనికిరాదని వ్రాయగా అది బీరువాలో పడియుండెను. 1908లో ఎర్లిక్‌కు మెచ్నికోవ్‌తో కలిపి నోబెల్ బహుమానము వచ్చెను. అది ఆయన పూర్వము రోగనిరోధక శక్తిని గూర్చి చేసిన కృషికి. 606 అప్పటికి ఇంకను బీరువాలోనే యున్నది.

1909 వసంతకాలమున టోకియోనుండి సహచిరో హాటా అను యువ వైద్యుడు వచ్చెను. సవాయి రోగమునకు కారణమైన మెలిదిరిగిన క్రిమిని 1905లో జర్మనీ పండితులు కనుగొనియుండిరి. ఆ రోగమును కుందేళ్లకు అంటించుటలో హాటాకు నేర్పు కలదు. ఎర్లిక్ అతనికి బీరువాలోని పాషాణ పదార్థములన్నియు ఇచ్చి, పూర్వము పనికిరావన్న వాటినికూడ మొదటినుండి పరీక్షింపుమనెను. హాటా అలుపెరుగని పనివాడు. 606 వంతు వచ్చెను. ఆగస్టు 31వ తేదీన పుండ్లతో నున్న ఒక మగ కుందేటికి ఆ మందును నరములోనికి ఎక్కించిరి. మరునాడు పుండులో బ్రతికిన క్రిమి ఒక్కటియు దొరకలేదు. కొద్ది వారములకు పుండ్లు పూర్తిగా మానెను. కుందేటికి కిలో బరువునకు 10 నుండి 15 మిల్లీగ్రాములు రోగమును మాన్పును. 100 మిల్లీగ్రాముల వరకు అది ఓర్చుకొనును. అనగా ఎడము ఏడు మొదలు పది రెట్లు. కోళ్లకు వచ్చు ఒక రక్తరోగములో ఈ ఎడము 58 రెట్లు. మునుపు ఒక సహాయకుడు చూడలేక పోయినదానిని మరియొకడు చూచెను. తిరిగి పరీక్షింపుమన్న యజమాని పట్టుదలయే ఇక్కడ గెలిచినది.

ఇక మనిషి. కుందేలు ఓర్చుకొన్నది మనిషి ఓర్చునా? ఎర్లిక్ ఆ మందును ఉఖ్త్‌స్ప్రింగె మానసిక వైద్యశాల అధిపతి కొన్రాడ్ ఆల్ట్‌కు పంపెను. అక్కడ ఇద్దరు సహాయ వైద్యులు, రోగములేని తమ శరీరములపైననే మొదట చూడుడని ముందుకు వచ్చి సూది పొడిపించుకొనిరి. వారికి అపాయము కలుగలేదు. పిమ్మట సవాయి మెదడుకెక్కి పక్షవాతము వచ్చిన రోగులకు ఇచ్చిరి. తెలివి తప్పిన ఆ రోగులు తమకు ఇచ్చునదేమో తెలిసి ఒప్పుకొనుటకు శక్తులు కారు. నేటి ధర్మమునుబట్టి దీనిని తప్పుపట్టక తప్పదు. ఆ ఇద్దరు వైద్యుల సాహసమును పొగడునపుడు మాటలేని ఈ రోగులను మరువరాదు.

1910 ఏప్రిల్ 19వ తేదీన వీస్‌బాడెన్ నగరపు వైద్య మహాసభలో ఈ సంగతి ప్రకటించిరి. తెల్లవారునప్పటికి లోకమంతయు ఫ్రాంక్‌ఫర్టువైపు తిరిగెను. దేశదేశములనుండి వైద్యులు మందుకొఱకు వ్రాసిరి, వచ్చి వాకిట నిలిచిరి. ఎర్లిక్ దానిని వెంటనే అంగడికి వదలలేదు. సుమారు 65,000 మోతాదులను నమ్మకమైన వైద్యులకు ఉచితముగా పంచెను. ప్రతిఫలముగా ఒకటే అడిగెను: ప్రతి రోగి సంగతి, మేలైనను కీడైనను, తనకు వ్రాసి పంపవలెను. గుండెజబ్బు కలవారికిని, కంటి నరము ముందే చెడినవారికిని ఈయవలదని కట్టడి చేసెను. ఆ యేడు డిసెంబరులో హెక్స్ట్ కర్మాగారము సాల్వర్సాన్ అను పేరుతో మందును అమ్మకమునకు విడుదల చేసెను. పదివేల కుందేళ్ల ప్రయోగముకంటె వేయిమంది రోగుల అనుభవము వేరుగా నుండునని అంత గట్టిగా ఎఱిగిన వైద్యుడు ఆ కాలమున మరొకడు లేడేమో.

సాల్వర్సాన్ పచ్చని పొడి. గాలి సోకినచో విషత్వము పెరుగును. అందుచేత గాలిలేని గాజు గొట్టములో మూసి అమ్మిరి. దానిని నీటిలో కరగించి, సోడాద్రవముతో పులుపు విఱచి, సన్నగా నరములోనికి ఎక్కింపవలెను. ఒకే కర్మాగారములో ఒకే పద్ధతిని చేసినను ఒక విడత మెత్తగాను మరియొక విడత కఠినముగాను ఉండెడిది. భేదమేమో రసాయన పరీక్షకు అందలేదు. అందుచేత కర్మాగారము చేసిన ప్రతి విడతనుండి కొంత ఎర్లిక్ ప్రయోగశాలకు వచ్చి, అక్కడ ప్రాణులకు ఎక్కించి చూచిన పిదప గాని అంగడికి పోరాదని నియమము పెట్టెను. రైతు విత్తనముల మూటలో పిడికెడు తీసి మొలక కట్టి చూచి తక్కినవి చల్లును. ఈ నియమమును అట్టిదే.

అయినను చావులు తప్పలేదు. సూది వేసిన కొన్ని దినములకు మెదడు వాచి కొందరు చనిపోయిరి. కొందరికి కామెర్లు వచ్చెను. కొందరికి చెవుడు వచ్చెను. ప్రతి చావు వార్తకు ఎర్లిక్ కలతచెంది, మందు ఏ విడతది, ఎంత ఎక్కించిరి, నీరు ఎక్కడిది అని జాబులమీద జాబులు వ్రాసెను. నీటి సంగతి వట్టి అనుమానము కాదు. సూది వేసిన రోగులకు వచ్చు చలిజ్వరము చాల భాగము మందువలన గాక, నిలువయున్న స్వేదనజలములో పెరిగి చచ్చిన క్రిములవలన వచ్చుచున్నదని 1911లో బెర్లిను వైద్యుడొకడు కనిపెట్టెను. అప్పటికప్పుడు దింపిన నీటిని వాడినంతట ఆ జ్వరములు తగ్గెను. కాని మెదడువాపు చావులకు అట్టి సులభమైన సమాధానము దొరకలేదు. వేలమందిలో ఏ ఒక్కని శరీరము ఆ విషమును ఓర్వదో ముందుగా చెప్పు మార్గము ఎర్లిక్ కొలతలో లేదు. సగటు కుందేటి సంగతి ఆ కొలత చెప్పును. ఆ ఒక్కని సంగతి చెప్పదు. సులభతరముగా కరగు నియోసాల్వర్సాన్ 1912లో వచ్చెను. దానితోను చిక్కు పూర్తిగా తీరలేదు.

శత్రువులు దీనిని అందుకొనిరి. బెర్లిను పోలీసు శాఖ వైద్యుడొకడు మందు హంతకియని ప్రచారము చేసెను. ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో పడుపుకత్తెలకు వారి సమ్మతిలేకయే బలవంతముగా ఈ సూది వేయుచున్నారని ఒక పత్రికా రచయిత ప్రకటించెను. ఎర్లిక్ డబ్బు దండుకొనుచున్నాడని కొందరు వ్రాసిరి. ఆ వ్రాతలలో యూదులపై ద్వేషము దాగలేదు. 1914లో ఈ వివాదము జర్మనీ శాసనసభకును, ఫ్రాంక్‌ఫర్టు న్యాయస్థానమునకును ఎక్కెను. ఎర్లిక్ సాక్ష్యమిచ్చెను. ఆ రచయితకు పరువునష్టము నేరముక్రింద ఒక సంవత్సరము శిక్ష పడెను. ఎర్లిక్ గెలిచెను గాని, ఆ గెలుపు ఆయనకు విశ్రాంతి నీయలేదు. విమర్శించినవారందరును దుష్టులనుట కూడ సరికాదు. చచ్చినవారు నిజముగా చచ్చిరి. బలవంతపు వైద్యమును గూర్చిన ప్రశ్న అడుగదగినదే.

ఆ వేసవిలోనే మహాయుద్ధము వచ్చెను. విదేశీ మిత్రులతో ఉత్తరములు నిలిచిపోయెను. డిసెంబరులో ఎర్లిక్‌కు పక్షవాతపు సూచన కనబడెను. 1915 ఆగస్టు 20వ తేదీన, బాడ్ హోంబుర్గ్ అను ఊరిలో విశ్రాంతికై యున్నపుడు, 61వ యేట కన్నుమూసెను. ఫ్రాంక్‌ఫర్టు యూదుల శ్మశానమున ఆయన సమాధి యున్నది. నాజీల కాలమున ఆయన పేరు పెట్టిన వీధికి ఆ పేరు తీసివేసిరి; హెడ్విగ్ దేశము విడిచి, తుదకు అమెరికా చేరెను. యుద్ధానంతరము 1947లో, ఆయన స్థాపించిన పరీక్షా సంస్థకు ఆయన పేరే పెట్టిరి. జర్మనీలో వాడు టీకాలను సీరములను పరీక్షించి విడుదలకు అనుమతించు పని నేటికిని ఆ సంస్థదే.

ఆయన తెరచిన దారిలో పలువురు నడచిరి. కలకత్తాలో ఉపేంద్రనాథ బ్రహ్మచారి 1920 ప్రాంతమున, అటాక్సిల్‌లో పాషాణమున్నచోట అంటిమొనీ అను లోహమును నిలిపిన పదార్థమునుండి యూరియా స్టిబమీన్‌ను తయారుచేసి, కాలా అజార్ జ్వరముతో చచ్చుచున్న లక్షలాది జనులకు ప్రాణము పోసెను. 1927లో ఇంగ్లండులో ట్రెవన్, పరీక్షకు పెట్టిన ప్రాణులలో సగము చనిపోవు మోతాదును ప్రమాణముగా పెట్టి ఎర్లిక్ కొలతకు గణితము కూర్చెను. పెనిసిలిన్ వచ్చిన తరువాత 1940లలో సాల్వర్సాన్ వాడుక తగ్గి, కొంతకాలమునకు మరుగుపడెను. దాని నిర్మాణమును గూర్చి ఎర్లిక్ అనుకొన్నది కూడ పూర్తిగా సరికాదని, అది పాషాణపు ఉంగరములుగల పదార్థముల మిశ్రమమని 2005లో న్యూజిలాండు పరిశోధకులు తేల్చిరి. ఏదో సరిగా తెలియకయే, విడతవిడతను ప్రాణులపై సరిచూచి, ఆ మిశ్రమమును అన్ని యేండ్లు వాడిరి.

కొలత వదలిన చోట ఏమగునో 1937లో అమెరికాలో తెలిసెను. సల్ఫా మందును తియ్యని పానకముగా చేయుటకు డైఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవములో కరగించి అమ్మిరి. రుచి చూచిరి, వాసన చూచిరి, ఒక్క ఎలుకకైనను పోసి చూడలేదు. నూరుమందికి పైగా చనిపోయిరి. వారిలో పిల్లలు పలువురు. మరుసటి యేడు, అమ్మకమునకు ముందు మందు నిరపాయమని చూపవలెనని ఆ దేశమున చట్టమయ్యెను.

కొలత పాటించినను ఏమగునో 2006 మార్చి 13వ తేదీన లండనులో తెలిసెను. కోతులు అయిదు వందల రెట్లు ఓర్చుకొన్న ఒక క్రొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు కొద్ది కొద్ది నిమిషముల తేడాతో ఎక్కించిరి. రెండు గంటలు తిరుగకమునుపే ఆరుగురును పడిపోయిరి. ఊపిరితిత్తులును మూత్రపిండములును పనిచేయుట మానెను. అందరును బ్రతికిరి గాని ఒకని వ్రేళ్లు పోయెను. నేడు జీవకణములను గాజుపాత్రలలో పెంచి వాటిపై చూచుచున్నారు, గణనయంత్రములతో లెక్కించుచున్నారు, జంతువులపైనను చూచుచున్నారు. ఇన్నియు చేసిన పిదప, లండను ఘటననుండి నేర్చుకొన్న నియమమునుబట్టి, అట్టి క్రొత్త మందును మొదటి దినమున ఒక్క మనిషికే యిచ్చి, అతనిప్రక్క కూర్చుండి, వేచి చూచిన తరువాతనే రెండవవానికి ఇచ్చుచున్నారు.